పదానికి ఎంత?

రాత మీద బతుకుదామనుకునే కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న: "అక్కా, పదానికి ఎంత తీసుకోవాలి?" రాయించుకుందామని ఫోన్ చేసేవాళ్ల మొదటి ప్రశ్న కూడా అదే: "మేడమ్, పదానికి ఎంతండీ?" అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఒకే కొలత పట్టుకు వేలాడుతున్నారంటే ఆ కొలతలోనే ఏదో తిరకాసు ఉంటుంది.

విశాఖ అక్కయ్యపాలెంలో ఇంట్లో కూర్చుని పదమూడేళ్లుగా ఫ్రీలాన్స్‌గా రాస్తున్నాను. ఆస్పత్రి కరపత్రాలు, ఫ్యాక్టరీ సేఫ్టీ బోర్డులు, రేడియో ప్రకటనలు, ఇంగ్లిషు నుంచి అనువాదాలు, రిటైరైన పెద్దవాళ్ల ఆత్మకథలు, ఏదొస్తే అది. ఇన్నేళ్లలో రాయలేక ఇబ్బందిపడ్డ నెలలు తక్కువ. రాసిన రోజుకీ డబ్బు చేతికొచ్చిన రోజుకీ మధ్య ఎడం సాగిపోయి ఇబ్బందిపడ్డ నెలలు చాలా ఎక్కువ. పదం రేటు మాట్లాడుకుంటున్నంతసేపూ ఆ ఎడం ఎవరికీ కనపడదు. అందుకని ముందు ఆ పదాన్నే విప్పి చూద్దాం.

తెలుగు పదం, ఇంగ్లిషు తూకం

"ఐ కుడ్ నాట్ కమ్" అంటే నాలుగు పదాలు. "రాలేకపోయాను" అంటే ఒకటి. మన భాషలో ప్రత్యయాలన్నీ మాటకి అతుక్కునే వస్తాయి కాబట్టి వెయ్యి పదాల ఇంగ్లిషు కరపత్రం తెలుగులోకి వచ్చేసరికి బాగా చిక్కిపోతుంది. ఎంత మంచి తెలుగు రాస్తే అంత చిక్కుతుంది. "మా వద్ద అనుభవం కలిగిన వైద్యులు అందుబాటులో ఉండడం జరుగుతుంది" అని ఈడ్చినవాడికి ఎనిమిది పదాల డబ్బులు. "అనుభవమున్న డాక్టర్లున్నారు" అని రాసిన దానికి రెండు. బాగా రాసినందుకు జరిమానా కట్టినట్టన్నమాట.

మొదటి రెండేళ్లూ ఈ జరిమానా కడుతూనే ఉన్నానని నాకు తెలియలేదు. ఒక అనువాదానికి బిల్లు వేసేటప్పుడు ఎందుకో ఇంగ్లిషు ఫైల్లో పదాలు కూడా లెక్కపెట్టి చూస్తే గుండె జారిపోయింది. అప్పట్నుంచి అనువాదానికి మూలంలోని పదాలే లెక్క. ఆ మాట రేటు చెప్పేటప్పుడే చెప్పేస్తాను, పని అయ్యాక చెబితే గొడవవుతుంది. సొంతంగా రాసేవాటికి అసలు పదం లెక్కే లేదు, పని మొత్తానికి ఇంత అని. హోర్డింగ్ మీద ఆరు పదాలు కుదరడానికి రెండు రోజులు పట్టొచ్చు. ఆరు పదాలకి ఏం రేటు కడతాం?

లెక్కలోకి రాని పని ఇంకోటి ఉంది. మనం టైప్ చేసేది యూనికోడ్‌లో. ప్రెస్సుల్లోనూ డీటీపీ సెంటర్లలోనూ ఇప్పటికీ చాలాచోట్ల యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. కన్వర్టర్‌లో వేసి మార్చినప్పుడు ఎక్కడో ఓ ఒత్తు ఎగిరిపోతుంది. నా కరపత్రం ఒకదాంట్లో "వైద్యులు" కాస్తా "వైదులు" అయి అచ్చయిపోయింది. తప్పు ఎక్కడ జరిగిందన్నది ఎవరికీ అక్కర్లేదు, రాసింది నేనే కదా! అప్పట్నుంచి ఆఖరి ప్రూఫ్ నాకు చూపించకుండా అచ్చుకి పంపకూడదని షరతు పెడుతున్నాను, ఆ చూడ్డానికి పట్టే గంటా రేటులో కలుపుతున్నాను.

రేటు ఎక్కడ పుడుతుంది?

బజారులో ఎంత నడుస్తోందో కనుక్కుని అంతే చెప్పడం అందరూ చేసే పని. దానికంటే ముందు మనకి ఎంత పడుతోందో తెలియాలి. ఇంటి ఖర్చుకి నెలకి 40 వేలు కావాలనుకుందాం. ఇంటర్నెట్టు, కరెంటు, లాప్‌టాప్ చచ్చిపోతే కొత్తది కొనడానికి దాచే సొమ్ము, ఆరోగ్య బీమా ప్రీమియం కలిపి ఇంకో 6 వేలు. అంటే ఏడాదికి 5 లక్షల 52 వేలు. ఇది పన్నెండు నెలల సంపాదన అనుకుంటే మొదటి దెబ్బ అక్కడే తింటాం. మూఢం వచ్చిందంటే ప్రారంభోత్సవాలు ఆగిపోతాయి, వాటితోపాటే ప్రకటనలూ ఆగిపోతాయి. మార్చిలో అకౌంట్స్ వాళ్లు ఫోన్ ఎత్తరు. జ్వరాలూ పెళ్లిళ్లూ సరేసరి. రెండు నెలలు తీసేసి పదితో భాగిస్తే పనున్న నెలకి 55,200 రావాలి.

ఆ నెలలో 25 రోజులు, రోజుకి 6 గంటలు. మొత్తం 150 గంటలు. అందులో సగం రాతకి పోదు. ఫోన్లు, కొటేషన్లు, రుషికొండ దాకా వెళ్లి మీటింగులో కూర్చోవడం, సవరణలు, డబ్బు కోసం గుర్తుచేయడం, వీటికే సరి. రాయడానికి మిగిలేది 75 గంటలు. గంటకి 736 రూపాయలు పడాలి. చదివి, కనుక్కుని, దిద్దుకుని గంటకి 250 పదాలు తేల్చగలిగితే పదం దాదాపు 3 రూపాయలు. అర్ధరూపాయికి రాసిపెట్టమని అడిగే ఏజెన్సీలు నాకూ తగిలాయి. వాళ్లకి ఒప్పుకుంటే అదే గంట 125 రూపాయలవుతుంది.

ఈ అంకెలు నా ఇంటివి కావు, మీ ఇంటివీ కావు. మీ అంకెలు పెట్టుకుని మీరు వేసుకోండి. కొత్తలో ఆ రేటు ఎవరూ ఇవ్వరు, తక్కువకే చేయాల్సి వస్తుంది, అందులో నామోషీ లేదు. కాకపోతే ఎంత తక్కువకి చేస్తున్నామో, ఎన్నాళ్లు చేస్తామో తెలిసి చేయాలి. శాంపిల్ పేరుతో ఉచితంగా రాయించుకునేవాళ్లకి మాత్రం నా జవాబు ఒకటే: పాతవి చూపిస్తాను, మీ పని మీద రాసేదానికి బిల్లుంటుంది.

వకీలు రాతలు, మాస్టారి రాతలు

విశాఖ పేరు చెబితే గొప్ప రచయితలు గుర్తొస్తారు గానీ ఈ ఊళ్లో వాళ్ల జీవనాధారం రాత కాదు. రావిశాస్త్రి గారు ఇక్కడి కోర్టుల్లో వకీలు. కాళీపట్నం రామారావు గారు ఇక్కడే లెక్కల మాస్టారు. 1910లో ఈ ఊళ్లో పుట్టిన శ్రీశ్రీ గారికి రాతతో కాస్త డబ్బు చూసే అవకాశం మద్రాసు వెళ్లి సినిమాలకి రాస్తేనే వచ్చింది. రాత గౌరవం కోసం, బతుకు ఇంకోదాని మీద అన్న అలవాటు మనకి అక్కణ్నుంచే వచ్చిందని నాకనిపిస్తుంది. "మీకేటండీ, కూర్చుని నాలుగు ముక్కలు రాయడానికి అంతా?" అని ఒక షాపు యజమాని నన్ను అడిగాడంటే ఆ మనిషి పిసినారి అవ్వాల్సిన పనిలేదు. రాత అమ్మకపు సరుకని ఆయన ఎప్పుడూ చూడలేదు, అంతే.

అమ్మకం పూర్తిగా కొత్త కూడా కాదు. ఈనాడు 1974 ఆగస్టు 10న మొదలైంది ఈ ఊళ్లోని సీతమ్మధారలోనే. తెలుగు పత్రికలకి ఊళ్లనుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్లకి "లైన్ అకౌంట్" అనే పద్ధతి ఉండేది. అచ్చయిన వార్త పొడవుని కొలిచి దాన్నిబట్టి డబ్బు. తిరిగింది, కనుక్కున్నది, రాసి పంపితే అచ్చుకానిది లెక్కలోకి రావు. నష్టమంతా రాసేవాడి వైపే ఉంచే ఈ పద్ధతికి పదం రేటు స్వయానా మనవరాలు. ఆకాశవాణి ఇంకోలా చేస్తుంది. పది నిమిషాల ప్రసంగమైనా ముందు ఒప్పందపత్రం వస్తుంది, అందులో పారితోషికం ఎంతో రాసి ఉంటుంది, సంతకం పెట్టాకే రికార్డింగు. సొమ్ము పెద్దదేం కాదు గానీ, ఒప్పందం అంటే ఎలా ఉండాలో నేను మొదట చూసింది దాన్లోనే.

పని ఎక్కడుంది?

తెలుగు రాసేవాళ్లు పనికోసం హైదరాబాదు వైపే చూస్తారు. విశాఖకి తనదైన పని ఉంది. ఆరిలోవ హెల్త్ సిటీలో, కేజీహెచ్ (ప్రభుత్వ పెద్దాస్పత్రి) చుట్టుపక్కల ఆస్పత్రులున్నాయి. ద్వారకానగర్ నిండా కోచింగ్ సెంటర్లు. భోగాపురం దారిపొడవునా లేఅవుట్లు. రొయ్యల ఎగుమతిదార్లున్నారు. పరవాడ, అచ్యుతాపురం వైపు మందుల ఫ్యాక్టరీలున్నాయి. చివర చెప్పినవాళ్లని ఎవరూ పట్టించుకోరు. అక్కడ పనిచేసే వేలమంది తెలుగే చదువుతారు, వాళ్లకి రాసేవాళ్లు తక్కువ.

పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీకి సేఫ్టీ బోర్డులు తెలుగు చేశాను. ఇంగ్లిషు ఫైల్లో "కన్ఫైన్డ్ స్పేస్ ఎంట్రీ" అని ఉంది. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని "పరిమిత స్థల ప్రవేశం" అని రాసి, అతికినట్టుందని మురిసిపోయాను. కాగితం పట్టుకెళ్లి షిఫ్టు మారేచోట కాంట్రాక్టు మేస్త్రీ ఒకాయనకి చూపిస్తే చదివి, "అంటే ఏటమ్మా, లోపలికి కొంతమందే ఎల్లాలా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. పరిమితం అంటే కొద్ది అనేగా! వెనక్కొచ్చి మొత్తం మార్చాను: "ట్యాంకు, గొయ్యి, పెద్ద పైపు. లోపలికి దిగే ముందు పర్మిట్ ఉండాలి. గ్యాస్ టెస్ట్ అయ్యాకే దిగాలి. బయట ఒక మనిషి కాపలా ఉండాలి." మేస్త్రీ ఈసారి చదివి ఏమీ అడగలేదు. ఏ బోర్డుకైనా అదే పరీక్ష.

ఆ పూట నాకు మూడేళ్ల పని తెచ్చిపెట్టింది. "అన్నిరకాల కంటెంట్ రాయబడును" అని కార్డు కొట్టించుకుంటే పోటీ పదివేల మందితో. ఫ్యాక్టరీ మనుషులు ఏ మాట అంటారో తెలిసినవాళ్లు ఊళ్లో ఎంతమంది ఉంటారు? ఆస్పత్రో, చేపల రేవో, బ్యాంకు లోన్లో, ఏదో ఒక చోటి మాటలు వంటబట్టించుకుంటే రేటు మనం చెప్పొచ్చు.

అకౌంట్స్ సార్ లీవులో ఉన్నారు

ఇప్పుడు అసలు ఎడం దగ్గరికొద్దాం. ఒక రియల్ ఎస్టేట్ సంస్థకి లేఅవుట్ బ్రోచర్ రాశాను. 18 వేలు. మొదటి నెల "బిల్లు పెట్టాం మేడమ్". రెండో నెల "అకౌంట్స్ సార్ లీవులో ఉన్నారు". మూడో నెల "పెద్దాయన సంతకం అవ్వాలి". ఏడో నెలలో 12 వేలు వేసి, మిగతాది ఇంకో బ్రోచర్‌తో సర్దుతామన్నారు. ఒప్పుకున్నాను. అదో తప్పు. మిగతా ఆరు వేలు ఇంతవరకూ రాలేదు. అడ్వాన్స్ తీసుకోలేదు, గడువు రాసుకోలేదు, చేతిలో వర్క్ ఆర్డర్ కూడా లేదు. ఎవర్ని ఏమని అడగాలి?

మనకి పనికొచ్చే చట్టం ఒకటుందని ఆ తర్వాత తెలిసింది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం. దీనికి ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉండాలి. ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో మనమే చేసుకోవచ్చు, ఫీజు లేదు, సేవలందించే ఒంటరి మనిషికీ ఇస్తారు. అది ఉన్నవాళ్లకి పని చేయించుకున్న సంస్థ రాసుకున్న గడువులోగా డబ్బివ్వాలి. ఆ గడువు 45 రోజులు దాటకూడదు. రాతకోతలే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీతో. ఇవ్వకపోతే ఇలాంటి బాకీలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పని ఒప్పుకోకముందే ఉద్యం నంబరు ఉండాలి, గొడవ వచ్చాక చేయించుకుంటే చిక్కే.

ఫిర్యాదు దాకా వెళ్తే ఆ క్లయింట్ మళ్లీ పిలవడు, నిజమే. నేను దాన్ని వాడేది వేరేలా. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం (అంటే 2023-24 లెక్కలు) నుంచి పన్ను చట్టంలో ఒక మెలిక పెట్టారు. సూక్ష్మ, చిన్న సంస్థకి గడువులో కట్టని బిల్లుని కొన్న సంస్థ ఆ ఏడు ఖర్చు కింద చూపుకోలేదు, ఎప్పుడు కడితే ఆ ఏడే చూపుకోవాలి. ఇది యజమానికి తెలియకపోయినా ఆయన ఆడిటరుకి తెలుసు. బిల్లు మీద ఉద్యం నంబరు, గడువు తేదీ పెద్దక్షరాల్లో వేయడం మొదలెట్టాక అకౌంట్స్ సార్ లీవులు కాస్త తగ్గాయి.

చట్టం ఇవ్వలేని భరోసా బ్యాంకులో ఉన్న మూడు నెలల ఖర్చు ఇస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఈ పనిలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, వీధి నిండా చెట్లు. హైదరాబాదు క్లయింటుకి నేను బతికున్నానో లేదో చెప్పే దారి కూడా లేదు. ఆ ప్రాజెక్టు పోయింది. ఉద్యోగస్తుల జీతాలు పోలేదు. తుపాను గోడలకి చేసిన నష్టం కంటే ఆ తేడా నాకు ఎక్కువ గుర్తుంది. ఒకే క్లయింటు నుంచి సగానికి మించి ఆదాయం రానివ్వకూడదని అప్పుడే అనుకున్నాను. అన్నివేళలా నిలబెట్టుకోలేకపోయాను.

పన్నుల సంగతి

ఒక సంస్థ ఏడాదిలో మనకి 50 వేలకి మించి వృత్తి ఫీజు ఇస్తే పది శాతం పన్ను ముందే (దీన్నే టీడీఎస్ అంటారు) కోసి ఇస్తుంది. ఈ హద్దు 2025 మార్చి దాకా 30 వేలు ఉండేది. 60 వేల బిల్లుకి 54 వేలు వస్తే కొత్తవాళ్లు మోసపోయామనుకుంటారు. కోసింది మన పాన్ మీద జమైందో లేదో పన్ను పోర్టల్లో చూసుకోవాలి, రిటర్ను వేస్తే కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కొస్తుంది. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర ఏడాది రాబడి 20 లక్షలు దాటాకే, కాబట్టి మనలో చాలామందికి అది దూరపు చింత.

రాబడిలో సగమే ఆదాయమని చూపుకోవచ్చన్న వెసులుబాటు గురించి వీడియోల్లో తెగ చెబుతున్నారు. అది వర్తించే జాబితాలో వకీళ్లు, డాక్టర్లు, ఇంజినీర్ల లాంటి వృత్తులున్నాయి. సినిమా కళాకారుల కింద కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, పాటలు రాసేవాళ్లూ వస్తారు. ఆస్పత్రి కరపత్రాలు రాసే నాలాంటి వాళ్ల పేరు విడిగా లేదు. సినిమాకి మాటలు రాస్తే ఉంది, మందుల డబ్బాకి రాస్తే లేదన్నమాట! చార్టర్డ్ అకౌంటెంట్‌ని అడక్కుండా దాన్ని వాడొద్దు. పైగా 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. పాత సెక్షన్ నంబర్లు పట్టుకుని వెతక్కండి.

రాసింది ఎవరిది?

1957 కాపీరైట్ చట్టం ఇక్కడ మన పక్షాన ఉంది, మనకే తెలీదు. ఉద్యోగి రాసినదానికి మొదటి హక్కుదారు యజమాని. ఫ్రీలాన్సర్ రాసినదానికి ఫ్రీలాన్సరే. డబ్బిచ్చినంత మాత్రాన హక్కు మారదు. మారాలంటే కాగితం ఉండాలి, దాని మీద సంతకం ఉండాల్సింది హక్కు వదులుకుంటున్న మనది. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లకే, ఎక్కడికో రాయకపోతే భారతదేశానికే. అందుకే పెద్ద కంపెనీల ఒప్పందాల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని విధిగా ఉంటుంది. సేఫ్టీ బోర్డుకి నేను అలాగే రాసిచ్చేస్తాను, దాన్ని నేనేం చేసుకుంటాను? కథకి, పుస్తకానికి, సీరీస్‌కి మాత్రం ఆ వాక్యం దగ్గర ఆగి రేటు మళ్లీ మాట్లాడాలి. సినిమాలకి రాసేవాళ్లకి 2012 సవరణ ఇంకో రక్షణ ఇచ్చింది. థియేటర్లో ప్రదర్శన కాక వేరే వాడకాల మీద వచ్చే రాయల్టీలో రచయిత వాటాని వదిలేస్తున్నానని రాయించుకున్నా చెల్లదు.

మరి ఏఐ?

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. నా పని పోలేదు, దాని రూపం మారింది. ఇప్పుడు క్లయింటే ఏఐతో తెలుగు రాయించి పంపుతాడు: "మేడమ్, రెడీగానే ఉంది, జస్ట్ ఓసారి చూసి ఇవ్వండి, సగం రేటుకి." మొన్న ఒకటొచ్చింది. "మీ ఆరోగ్య ప్రయాణంలో మేము మీ కోసం ఇక్కడ ఉన్నాము." ఒక్క అచ్చుతప్పు లేదు. అయినా అది ఏ తల్లికీ తగిలే మాట కాదు. ఆ ఆస్పత్రిలో ఉన్న సౌకర్యం ఏంటని అడిగితే రాత్రుళ్లు కూడా పిల్లల డాక్టరు ఉంటారన్నారు. "అర్ధరాత్రి జ్వరమొచ్చినా పిల్లల డాక్టరున్నారు" అని మార్చాను. దిద్దలేదు, కొత్తగా రాశాను. ముందు అడిగి తెలుసుకోవడానికే ఎక్కువ సేపు పట్టింది. అందుకని అలాంటి ఫైళ్లకి రేటు చెప్పేముందు ఒక పేజీ చూస్తాను. దిద్దితే సరిపోయేదైతే గంట లెక్క. మళ్లీ రాయాల్సిందైతే మామూలు రేటే. అర్ధరూపాయి పని ఎలాగూ ఏఐకే పోయింది. దాన్ని మళ్లీ లాక్కోవాలని నాకేం లేదు.

ఇదంతా చెబితే కుర్రాళ్లు, "ఇన్ని కాగితాలు మా క్లయింట్లు పెట్టరక్కా, అంతా వాట్సాప్‌లోనే" అంటారు. నాదీ వాట్సాపే. పని మొదలెట్టేముందు ఒక మెసేజి పంపుతాను: "నమస్కారం సార్. నాలుగు పేజీల తెలుగు బ్రోచర్, మొత్తం 16,000. సగం అడ్వాన్స్, అందాక మొదలెడతాను. తర్వాత పది రోజుల్లో డ్రాఫ్టు. రెండుసార్లు సవరణలు ఇందులోనే, మూడోదానికి 1,500. మిగతా సగం ఫైనల్ ఫైల్ ఇచ్చిన 15 రోజుల్లో. అచ్చుకి ముందు ప్రూఫ్ నాకు పంపాలి. వాడకం ఈ బ్రోచర్ వరకే, హోర్డింగుకీ రేడియోకీ విడిగా మాట్లాడుకుందాం. సరేనా?"

సాధారణంగా వచ్చే జవాబు ఒక బొటనవేలు బొమ్మ. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఆ క్లయింట్ పేరున్న ఫోల్డర్లో వేసి, అడ్వాన్స్ పడిన మెసేజి వచ్చేదాకా వేరే పని చూసుకుంటాను.